మంచిర్యాల పరిసరస్థలములు: ఊళ్ళ పేళ్ళ సాక్ష్యము

గోదావరికి నుత్తరతీరమున మంచిర్యాల యున్నది. 1929 నాఁటికి కాజీపేట బల్లార్షా రైలుమార్గము పూర్తియై మదరాసునకును ఢిల్లీకిని నడుమ సూటియైన దారి యేర్పడినది. నాఁటినుండి ఈ పట్టణపుఁ బేరు దూరదేశములవారికిని వినఁబడఁజొచ్చెను. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదిని ఆదిలాబాదు జిల్లానుండి విడివడిన క్రొత్త జిల్లాకు నిది ముఖ్యస్థానము. రైలు దిగినవానికి బొగ్గును, సిమెంటును, వానిని మోయు లారీలును ముందుగాఁ గనఁబడును. కాని పట్టణమునుండి యొక్కదినపుఁ బయనములోఁ జేరఁదగిన పురాతనస్థలములు చాలఁ గలవు. పడమట జన్నారమువైపునఁ గవ్వాలు అభయారణ్యము; ఉత్తరమున మందమఱ్ఱి చెంత గాంధారి ఖిల్లా; తూర్పున భీమారము, చెన్నూరు, ఆపైఁ బ్రాణహితానది; నది కెగువను దక్షిణపుటొడ్డునఁ గోటిలింగాల, ధర్మపురి; దిగువను మంథెన, కాళేశ్వరము.

ఈ స్థలములను జూచివచ్చినవారి వర్ణనములలోఁ దఱచుగా విడువఁబడు సంగతి యొక్కటి గలదు. ఇచ్చట బయల్పడిన ముఖ్యవస్తువులలోఁ బెక్కు లిప్పు డిచ్చట లేవు. ఎముకలు కలకత్తాకును హైదరాబాదునకును బోయినవి. నాణెములు ప్రదర్శనశాలలకుఁ జేరినవి. వస్తువునకును స్థలమునకును మిగిలిన సంబంధము ఊరిపేరొక్కటియే. ఆ పేరు సరిగాఁ దెలిసినయెడల వస్తువు చరిత్రకు సాక్ష్యమగును; తెలియనియెడల వట్టి రాయి, వట్టి లోహపుముక్క. అట్టి ఊళ్ళు కొన్ని యీ యిరువదియేండ్లలోఁ జోటు మాఱినవి, కొన్ని నీఁట మునిఁగినవి. కావున నీ ప్రాంతమును బేళ్ళ త్రోవను బట్టి చూచుట యుక్తము.

మంచిర్యాల యను పేరే విచారమునకుఁ దగినది. జగిత్యాల, కురిక్యాల, చేర్యాల, చికియాల యను పేళ్ళును దీనితోఁ జేర్చి చదువవలెను. ఇవన్నియు నుత్తర తెలంగాణమునందలి గ్రామములే. అన్నింటి తుదియు నొక్కవిధముననే యున్నది. ఒక్కొక్క ఊరివా రొక్కొక్క కథ చెప్పి పూర్వభాగమునకు మాత్ర మర్థము గల్పింతురు, తుదిభాగమును విడిచిపెట్టుదురు. పది యూళ్ళకు సామాన్యమైన ప్రత్యయమునకుఁ బది కథ లుండఁజాలవు గదా! శాసనములలోఁ గన్పట్టు ప్రాచీనరూపములను వరుసగాఁ గూర్చి చూచినగాని దీని స్వరూపము తేలదు. ఆ పని యింకను జరుగవలసియున్నది.

ఈ ప్రాంతపు ఊరిపేళ్ళు మొదట విదేశపుగ్రంథముల కెక్కినది శాసనముల మూలమునఁ గాదు, ఱాళ్ళ మూలమున. ప్రాణహితకు నెడమయొడ్డున సిరొంచకు నుత్తరముగాఁ గోట యను చిన్నయూరు గలదు. అచ్చటి సున్నపుఱాతిపొరలలోఁ జేపల శిలారూపములు దొరకఁగా వానిఁ గూర్చి 1851లో లండనునందు వ్యాసములు ప్రకటింపఁబడినవి. ఆ చేఁపకుఁ బెట్టిన పేరిలో 'దక్కను' శబ్దము చేరినది. నాగపురమునందు నివసించిన స్టీఫెన్ హిస్లాప్ అను క్రైస్తవమతబోధకుఁడు మత ప్రచారముతోపాటు శిలాపరిశోధనము నలవఱచుకొన్నవాఁడు. ఆయన మంచిర్యాలకు నుత్తరమునఁ గల మలేరి గ్రామపు ఎఱ్ఱమట్టినేలలలోఁ బ్రాచీనసరీసృపముల యెముకలను, చేఁపపండ్లను గుర్తించెను. 1863లో ఒక యేటిని దాఁటుచు మునిఁగి మరణించెను. ఆ పండ్లఁ గూర్చి భూగర్భశాస్త్రశాఖకు మొదటి యధిపతియైన థామస్ ఓల్డుహాము 1859లో వ్రాసెను. అవి ఊపిరితిత్తులు గల యొక జాతి చేఁపవి. దానికి దగ్గఱి చుట్టమైన చేఁప ఆస్ట్రేలియా నదులలో బ్రదికియున్నదను సంగతి శాస్త్రజ్ఞులకు 1870లోఁ గాని తెలియలేదు. అనఁగా మలేరి మట్టిలోని పండ్లు ముందు, బ్రదికియున్న చేఁప వెనుక లోకమునకుఁ దెలిసినవి.

ఓల్డుహాము తన వ్యాసపు శీర్షికలో నా గ్రామమును నాగపురమునకు దక్షిణమున నున్నదిగాఁ జెప్పెను. ఊరి పేరును 'మలేది' యని వ్రాసెను. తరువాతివారు మలేరి యనియు, మార్వెలి యనియు వ్రాసిరి. రోమను లిపిలో 'డ', 'ద', 'ర' లకుఁ గల తారుమారు తెలిసినవారి కిది వింత గాదు. కాని అరువది డెబ్బది యేండ్లకుఁ బిమ్మట ఆ స్థలమును మరల వెదకఁబోయినవారికి నిది చిన్న చిక్కు గాదు. 1881లో విలియం కింగు ప్రాణహితా గోదావరీలోయ యంతటిని గూర్చి బృహద్గ్రంథము వెలువఱచెను. కోట, మలేరి, చికియాల యను పేళ్ళు శిలాస్తరముల సంజ్ఞలుగాఁ బరిశోధకలోకమున వ్యాపించినది ఆ గ్రంథముతోనే. తరువాత మంచిర్యాలనుండి చెన్నూరు పోవు త్రోవలోని భీమారమును ఆ పట్టికలోఁ జేరినది. నేఁడు భూగర్భశాస్త్రము చదువు విద్యార్థి యేదేశమువాఁడైనను గొండ్వానాశిలలఁ గూర్చి చదువునపుడు ఎఱ్ఱపల్లి, భీమారము, మలేరి, ధర్మారము, కోట యను నైదు తెలుఁగుపేళ్ళను వరుసగా వల్లింపవలసినదే. క్రింది పొరనుండి పై పొరకు నదియే క్రమము. ఎఱ్ఱపల్లిపొర సుమారు ఇరువదినాలుగు కోట్ల యేండ్లనాఁటిది; కోటపొర దానికంటె నాఱేడుకోట్ల యేండ్లు తరువాతిది.

బొమ్మిక లంతకుఁ బిమ్మట బయల్పడినవి. కలకత్తాలో మహలనోబిసు పండితుఁడు స్థాపించిన గణాంకశాస్త్రసంస్థలో శిలాశాస్త్రవిభాగ మేర్పడి, లండను విశ్వవిద్యాలయపు పండితురాలు పమేలా రాబిన్సను దానికి శిక్షణ మిచ్చినది. గణాంకసంస్థ కెముకలతోఁ బనియేమని యాక్షేపింపవచ్చును. మహలనోబిసు దృష్టి యట్టి యెల్లలకు లోఁబడలేదు. ఆ దృష్టి లేనిచో నీ యధ్యాయము వ్రాయఁబడియుండదు. 1960 ప్రాంతమున సిరొంచ చెంతఁ బోచంపల్లి పొలములలో నొక మహాసరీసృపపు ఎముకలు వారికి దొరకినవి. సుమారు మున్నూఱెముకలు, కనీస మాఱు జంతువులవి. 1975లో దానికి బరపాసారస్ టాగోరై యని నామకరణము చేసిరి. 'బర' పెద్ద, 'పా' కాలు, ఇవి దేశభాషాపదములు. 'సారస్' యవనభాషలో బల్లి. తుదిమాట రవీంద్రనాథఠాకూరునకు నమస్కృతి. అస్థిపంజరమును గలకత్తాలోని యాసంస్థలోనే నిలిపిరి.

నది కీవల మంచిర్యాల జిల్లాలో వేమనపల్లి ప్రాంతమునఁ దవ్వినవారు భారతభూగర్భశాస్త్రశాఖవారు. 1970-80 దశకపు చివరియేండ్లలో ఎనిమిదివందల నలువది యెముకలు వారికి దొరకినవి. కనీసము పండ్రెండు జంతువులవి. 1988లో యాదగిరి యను శాస్త్రజ్ఞుఁడు దీనిని వర్ణించి కోటసారస్ యమనపల్లియెన్సిస్ అని పేరు పెట్టెను. వ్యాకరణవేత్తలు దీనిని జూచి వైరిసమాసమని నవ్వవచ్చును. తెలుఁగు 'కోట', యవన 'సారస్', తెలుఁగు 'యమనపల్లి', దానిపై లాటిను ప్రత్యయము! అయినను ఇంత పురాతనప్రాణి తన పేరిలో రెండు తెలుఁగుగ్రామములను మోయుట సామాన్యవిషయము గాదు. దీని యస్థిపంజరము హైదరాబాదున బిర్లా విజ్ఞానకేంద్రమునందున్నది. తరువాత 2007లో ధర్మారపు పేరును, 2011లో జక్లపల్లి, నంబాల గ్రామముల పేళ్ళును క్రొత్తగాఁ గనుఁగొన్న జంతువుల కీయఁబడినవి. జక్లపల్లి పేరిలో జక్కుశబ్ద మున్నట్లు తోఁచును. జక్కులవారు పాడిన కథలను, యక్షశబ్దపు వికారములను ఎఱిఁగిన పండితులకు ఆ గ్రామము వేఱొక కారణమునఁ జూడఁదగినది.

సిరొంచ, కోట, పోచంపల్లి నేఁడు మహారాష్ట్రములోనివి. 1860లో నిజాము ప్రభుత్వము గోదావరికిఁ దూర్పునఁ గల తాలూకాల నాంగ్లేయుల కిచ్చినప్పుడు వచ్చిన హద్దిది. సిరొంచ తాలూకాలోఁ దెలుఁగు నేఁటికిని ఇండ్లలోఁ బలుకఁబడుచున్నది. ఱాతిపొరలకు నది యడ్డుగాదు. ఒడ్డు మాఱఁగనే తాలూకా మాఱును, రాష్ట్రము మాఱును, దస్త్రపు భాష మాఱును. అందుచే నొక్క ఊరి పేరే రెండు ప్రభుత్వముల కాగితములలో రెండు రూపములఁ దాల్చుట గలదు.

ఇఁక నదికెగువకు రావలెను. పెద్దవాఁగు గోదావరిలోఁ గలియుచోటఁ గోటిలింగాల యున్నది. ఇచ్చటి దిబ్బలపై వాన వెలిసిన తరువాత నాణెము లేఱికొనుట ఊరివారికి బహుకాలముగా నలవాటు. 1970-80 దశకమున నా నాణెములను బరబ్రహ్మశాస్త్రిగారు చదివి ప్రకటించునంతవఱకుఁ జరిత్రకారు లా యూరి నెఱుఁగరు. గోభద, నారన, కంవాయ, సామగోప యను రాజుల పేళ్ళు వానిపైఁ గలవు. వీరు శాతవాహనులకుఁ బూర్వులు, పురాణములలోఁ గానరానివారు. వీరితోపాటు చిముక యను పేరు గల నాణెములును దొరకినవి. మత్స్యవాయుపురాణాదుల ప్రతులలో ఆంధ్రవంశమునకు మొదటి రాజు శిశుక, సింధుక, సిప్రక యని పలువిధములఁ గన్పట్టును. నానాఘట్టమున విగ్రహముపై వ్రాఁత సిముక యనియున్నది. లేఖకుల ప్రమాదములచేఁ జెదరిన యొక్క నామమునకు లోహముపై ముద్రితరూపము గోదావరియొడ్డున దొరకెను.

శాతవాహనుల తొలినివాస మేది యను వివాద మిప్పటికిని దీఱలేదు. పశ్చిమమున నానాఘట్టము, పైఠాణము గల దేశమే మూలమనువారు గలరు. కోటిలింగాల నాణెములలోని చిముకుఁడు వంశస్థాపకుఁడేనా యని శంకించువారును గలరు. కాని శాతవాహనులకుఁ బూర్వపురాజులు, తొలి శాతవాహనులు ఒక్క దిబ్బలో వరుసగా దొరకిన చోటు వేఱొకటి చూపుట కష్టము; వివాదమున నీ సాక్ష్యపు బరువును దగ్గించుట న్యాయము గాదు. 1979 మొదలు కొన్ని యేండ్లు రాష్ట్రపురాతత్త్వశాఖవా రిచ్చటఁ ద్రవ్వకములు సాగించిరి. కోటగోడ, ఇటుకకట్టడములు, బావులు బయల్పడినవి. త్రవ్వినది దిబ్బలో స్వల్పభాగము మాత్రమే.

పేరి సంగతి చూతము. కోటిలింగాల యనునది బహువచనపు షష్ఠీరూపము. లింగముల యనుట లింగాల యైనది. దాని తరువాత నుండవలసిన రేవో గుడియో లోపించినది. ఇది వాడుకభాషలో నేర్పడిన యర్వాచీననామము. కోటేశ్వరస్వామి యాలయమునుబట్టి వచ్చినది. గోభదుఁడు, సామగోపుఁడు ఏలిననాఁడు ఆ నగరము నేమని పిలిచిరో ఈ పేరు చెప్పదు. నాణెములపై రాజు పేరున్నది, నగరపుఁ బేరు లేదు. ఆ పేరు గల ముద్రిక యొక్కటి యా దిబ్బలో నుండవచ్చునను నాశ పరిశోధకులకుఁ గలదు. ఆ దిబ్బ చుట్టు నిప్పుడు నీరు నిలిచినది. మంచిర్యాలకుఁ జేరువలో గోదావరికడ్డముగాఁ గట్టిన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము సుమారు ఇరువది శతకోటి ఘనపుటడుగుల నీటిని బట్టును. దాని వెనుకజలములు కోటిలింగాల రేవువఱకు వ్యాపించినవి. నీరు వ్యవసాయమునకును బట్టణములకును గావలసినదే, కాదనువారు లేరు. కాని ఒడ్డున గండి కోసిన ప్రతియేఁడు కొన్ని నాణెములు, కొన్ని పెంకులు ఏటిపాలగుచున్నవి.

ఎగువ నింకను బోయినచోఁ గవ్వాలు అడవి యంచున బాదనకుర్తి యున్నది. గోదావరి యచ్చట రెండుపాయలై లంక యేర్పఱచినది. బౌద్ధుల సుత్తనిపాతమునందలి బావరి యను బ్రాహ్మణుఁడు కోసలమునుండి దక్షిణాపథమునకు వచ్చి, అస్సకదేశమున గోదావరీతీరమునఁ దపస్సు చేసి, బుద్ధునిఁ బ్రశ్నించుటకై తన శిష్యులనుఁ బంపెనని కథ. ఆ యాశ్రమ మీ లంకయేయని కొందఱు పండితులు నిర్ణయించి, 'బావరి' శబ్దమే 'బాదన' యైనదని చెప్పుదురు. లంక యుండుట నిజము. గోదావరీతీర మగుటయు నిజము. కాని వకారము దకారముగా మాఱిన మార్గమును వారు చూపలేదు. గోదావరిలో లంక లనేకములు. ఊరిపేరు మంచిసాక్షియే యైనను, తానొంటరిగాఁ జెప్పిన మాటను బట్టి తీర్పు చెప్పఁగూడదు.

ఈ విషయమున ధర్మపురి మేలు. కరీంనగరమునకు నుత్తరమునఁ గురిక్యాల చెంతఁ బొమ్మలగుట్టపై జినవల్లభుఁడు వ్రాయించిన శాసన మున్నది. కన్నడమహాకవి పంపని తమ్ముఁ డితఁడు. క్రీ. శ. 945 ప్రాంతపు ఈ శాసనమునఁ గన్నడ సంస్కృతములతోపాటు మూఁడు తెలుఁగు కందపద్యములు గలవు. వేములవాడ చాళుక్యరాజగు రెండవ యరికేసరి పంపనికి ధర్మవురమను నగ్రహార మిచ్చెనను వార్తయు నందున్నది. వేములవాడరాజ్యపు టెల్లలనుబట్టి చూచిన నది గోదావరీతీరపు ధర్మపురి యనుట పొసఁగును. ఇచ్చట శాసన మున్నది, వంశ మున్నది, ధ్వని సామ్య మున్నది. పే రొంటరి గాదు. తెలుఁగునకుఁ బ్రాచీనభాషాగౌరవము లభించిన 2008 ప్రాంతముననే ఆ గుట్టకు ఱాతిగనులవారివలన నపాయము వచ్చెను. భాషాభిమానులు మొఱపెట్టిన పిమ్మటఁ గాని యందఱి కన్నులు దానిపైఁ బడలేదు.

మంచిర్యాలవారికి మిక్కిలి దగ్గఱి కోట గాంధారి. మందమఱ్ఱి మండలమున బొక్కలగుట్ట గ్రామముచెంత నడవినడుమ నిసుకఱాతిగుట్టపై నున్నది. గుట్టఱాతిలోఁ జెక్కిన హనుమంతుఁడు, గణపతి, కాలభైరవుఁడు, పడగల నాగశేషుఁడు చూడఁదగిన శిల్పములు. మాఘమాసమున గుట్టక్రింద మైసమ్మజాతర జరుగును. నాయకపోడులు దానికిఁ బెద్దలు. డోళ్ళతోఁ బిల్లనగ్రోవులతో వారు మొక్కులు దీర్చుకొందురు. కోటను గట్టినవారు కాకతీయుల సామంతులని కొందఱు, గోండురాజులని కొందఱు చెప్పుదురు. పేరినిబట్టి భారతకథలోని గాంధారిని దెచ్చుట మాత్రము నిలువదు. కామారెడ్డి జిల్లాలోను గాంధారి యను నూరు గలదు. రెంటికిని ధృతరాష్ట్రుని భార్యయే కారణమని చెప్పఁజాలము. చూడఁదగిన దేమనఁగా, గాంధారి సంస్కృతపదము, ఖిల్లా ఆరబ్బీపదము, మైసమ్మ గ్రామదేవత. మూఁడుకాలములవా రొక్క గుట్టకుఁ బెట్టిన పేళ్ళను నాయకపోడులు నేఁటికిని గలిపి పలుకుదురు.

అడవుల సంగతి గొంత చెప్పవలెను. యాత్రికులు వీనిని జాతీయోద్యానము లందురు గాని, 1972 చట్టమునుబట్టి తెలంగాణములో జాతీయోద్యానములు మూఁడే; మూఁడును హైదరాబాదు పరిసరములలోనివే. ఇచ్చటివి అభయారణ్యములు. కృష్ణజింకలకుఁ బ్రసిద్ధమైన ప్రాణహితారణ్యము 1980లోఁ బ్రకటింపఁబడినది, నూటముప్పదియాఱు చదరపు కిలోమీటర్ల వైశాల్యము గలది. మొసళ్ళకు శివ్వారము నొద్ద గోదావరి మడుఁగు గలదు. కవ్వాలు 1965 నాఁటినుండి రక్షితారణ్యము. 2012లోఁ బులుల సంరక్షణకేంద్రమైనది. లోపలి భాగము సుమారు ఎనిమిదివందల తొంబదిమూఁడు చదరపు కిలోమీటర్లు, చుట్టు భాగము సుమారు పదునొకండువందల యిరువది. మహారాష్ట్రపుఁ దాడోబా యడవినుండి నదులు దాఁటి పులు లిచ్చటికి వచ్చుచుండును. ప్రాణహిత వానికి నడ్డు గాలేదు.

ఆ లోపలిభాగమునఁ బులులకు నిశ్చింత గావలెననినచోఁ బల్లెలు వెలికి రావలెనని నిర్ణయమైనది. కడెము మండలమునందలి మైసంపేట, రాంపూరు గ్రామముల జనులను 2024లో నడవి వెలుపలికిఁ దెచ్చి క్రొత్త యిండ్లలోఁ జేర్చిరి. ఈ యడవులకు నిది మొదటిసారి గాదు. నిజాముకాలమున నడవులకు హద్దులు పెట్టినప్పుడు గోండులు, కొలాముల గూడెము లెన్నియో ఖాళీ చేయింపఁబడినవి. 1940లో జోడేఘాటున కొమురం భీము తుపాకికి బలియగుటకు మూలకారణ మదియే. ఆ పిమ్మట ప్రభుత్వము హైమెండార్ఫు పండితుని నియోగింపఁగా నాయన మార్లవాయిలో నివసించి గోండుల వంశములను, దేవతలను, గూడెములను వివరముగా వ్రాసి 1948లోఁ బ్రకటించెను. ఖాళీయైన గూడెముల పేళ్ళు కొన్ని యిప్పుడు దెలియుచున్నవన్న నట్టి వ్రాఁతలవలననే.

ఎల్లంపల్లినీఁట మునిఁగిన పల్లెలలో మంచిర్యాల చెంతనున్న కర్ణమామిడి, పడ్తనపల్లి చేరినవి. గ్రామనామము రెవెన్యూదస్త్రములలో నిలుచును. పునరావాసపుఁ గాలనీకిని దానినే పెట్టుకొందురు. దస్త్రములలో లేనివి చెలకల పేళ్ళు, వాఁగుల పేళ్ళు, బండల పేళ్ళు, దేవతల గద్దెల పేళ్ళు. మలేరి యెముకలు దొరకిన మట్టిగడ్డకు, పోచంపల్లి చెలకకు, కోటిలింగాల దిబ్బలలో నొక్కొక్కదానికి ఊరివారి నోట నొక్కొక్క పేరుండును. హిస్లాపు గాని, గణాంకసంస్థవారు గాని, త్రవ్వకపువారు గాని వానిని వ్రాసికొనలేదు. మైసంపేటలోఁ బశువులను మేపిన ముసలివారికి, కర్ణమామిడి యొడ్డున వల వేసిన బెస్తవారికి ఆ పేళ్ళు నోటికి వచ్చును. వారి మనుమలు చదువు పాఠశాలలు క్రొత్తకాలనీలలో నున్నవి. ఒక్క యేఁటి సెలవులలో నొక్కొక్క పండితుఁడు పది యిండ్లవారిని విచారించినఁ జాలును, ఒక మండలపుఁ బట్టిక పూర్తియగును.